నాన్నగారికి కొత్త పరుపు కావాలి: నడుము నొప్పి ఉంది, గదిలో ఏసీ లేదు

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇల్లు బీచ్‌కి దగ్గర్లోనే. అమ్మానాన్నల గదిలో ఉన్నది కొబ్బరి పీచు పరుపు, చాలా పాతది. నాన్న పడుకునే వైపు గుంట పడిపోయింది. పొద్దున లేచేసరికి నడుము పట్టేస్తోందంటున్నారు. వారం నుంచి కింద చాప వేసుకుని పడుకుంటున్నారు, చూస్తే బాధగా ఉంది. నాన్న 80 కిలోల పైనే ఉంటారు, అమ్మ 50 ఉంటుంది. షాపులో ఒకాయన ఆర్థోపెడిక్ తీసుకోమంటాడు, పక్క షాపాయన మెమరీ ఫోమ్ అంటాడు. 8 అంగుళాలుంటేనే మంచిదని ఒకరు, 5 చాలని ఒకరు. 15 వేలు అనుకున్నాం, రెండు మూడు వేలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. పదేళ్ళ పాటు మన్నేది ఏదో చెప్పండి ప్లీజ్.

జవాబు (విజయవాడ, పరుపుల షాపులో పనిచేసిన అనుభవం)

చెల్లెమ్మా, పరుపు సంగతి తర్వాత. ముందు మంచం చూడండి. ఇప్పుడున్న పరుపును తీసి నేల మీద పరవండి. తల వైపు నుంచి కాళ్ళ వైపుకి ఒక దారం బిగించి పట్టుకుంటే గుంట ఎంత లోతో తెలిసిపోతుంది. నేల మీద కూడా గుంట అలాగే ఉంటే పరుపు అయిపోయినట్టే. నేల మీద సమంగా ఉండి మంచం మీదే కుంగుతుంటే తప్పు అడ్డ చెక్కలది. అలాంటి మంచం మీద ఎంత ఖరీదైన పరుపు వేసినా అదీ కుంగిపోతుంది. చెక్కకీ చెక్కకీ మధ్య 3 అంగుళాల కంటే ఎక్కువ ఖాళీ ఉందేమో కూడా చూడండి. చెక్కల కొలతలు, మంచం లోపలి కొలతలు రాసి పెట్టండి. పొడవు, వెడల్పు రెండు చివర్లా కొలవాలి, వడ్రంగి చేసిన మంచాలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు.

ప్రశ్న అడిగినవారు

చూశానండి అన్నయ్యా. నేల మీద కూడా గుంట ఉంది. మంచానికి నడుము దగ్గర రెండు చెక్కలు వంగి ఉన్నాయి, వాటి మధ్య ఖాళీ 5 అంగుళాలు. మంచం లోపల పొడవు 74, వెడల్పు 59న్నర. షాపులో ఉన్నది 72 బై 60.

జవాబు (విజయవాడ)

అయితే షాపులోని సైజు మీకు పనికిరాదు. అర అంగుళమే కదా అని 60ని 59న్నరలో ఇరికిస్తే మధ్యలో ఉబ్బుతుంది, అంచులు నలిగిపోతాయి. 73న్నర బై 59 చేయించుకోండి. ఒక్క విషయం గుర్తుంచుకోండి, సైజు చెప్పి చేయించిన పరుపును చాలా కంపెనీలు వెనక్కి తీసుకోవు. కాబట్టి అదే రకం పరుపు మీద షాపులో నాన్నగారిని పడుకోబెట్టి చూశాకే ఆర్డరివ్వండి. వంగిన చెక్కలు మార్పించి, పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయించండి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, ప్లైవుడ్‌కి అక్కడక్కడా బెజ్జాలు కొట్టించడం మర్చిపోవద్దు. గాలి ఆడకపోతే చెమట తడి అడుగున చేరి బూజు పడుతుంది.

ఇక పరుపు. ఎన్ని అంగుళాలని కాదు, లోపల ఏ పొర ఎంత మందం, దాని డెన్సిటీ ఎంత అని అడగండి. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. 28 డెన్సిటీ ఫోమ్ కొత్తలో బాగానే ఉంటుంది, 80 కిలోల మనిషి రోజూ పడుకుంటే తొందరగా చదునైపోతుంది. మీకు నా సలహా: అడుగున 4 అంగుళాల రీబాండెడ్ ఫోమ్, అంటే ఫోమ్ ముక్కలు అతికించి గట్టిగా చేసినది, 90 డెన్సిటీ. పైన 2 అంగుళాల హెచ్‌ఆర్ ఫోమ్, అంటే నొక్కి వదిలితే వెంటనే పైకి లేచే రకం, 40 డెన్సిటీకి తగ్గకుండా. అడుగు పొర బరువు మోస్తుంది, పై పొర భుజానికీ తుంటికీ ఒత్తు తగలకుండా చూస్తుంది.

అమ్మేవాళ్ళు డెన్సిటీ ఎంతైనా చెప్పొచ్చు, తూకం అబద్ధం చెప్పదు. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 61,000తో భాగించి, వచ్చినదాన్ని డెన్సిటీతో గుణించండి. వచ్చేది ఆ పొర బరువు, కిలోల్లో. మీ సైజుకి అడుగు పొర సుమారు 25 కిలోలు, పై పొర 6 కిలోల లోపు. మొత్తం 31, కవరుతో ఇంకో కిలో రెండు కిలోలు. ఇంటికి వచ్చిన పరుపు 20 కిలోలే తూగితే చెప్పిన సరుకు లోపల లేదన్నమాట. కవరుకి చైన్ ఉన్న రకమే తీసుకోండి, విప్పి పొరలు కళ్ళారా చూసుకోవచ్చు.

మెమరీ ఫోమ్ చెడ్డదని కాదు. వేడికి మెత్తబడి ఒంటికి అతుక్కుంటుంది, గాలి తక్కువ ఆడుతుంది. ఏసీ లేని గదిలో, విశాఖ ఉక్కపోతలో పై పొరగా అది వద్దు. లేటెక్స్‌కి, అంటే రబ్బరు పాలతో చేసే ఫోమ్‌కి, గాలి బాగా ఆడుతుంది, చాలాకాలం మన్నుతుంది కూడా, కానీ పూర్తి లేటెక్స్ పరుపు మీ బడ్జెట్‌లో రావడం కష్టం. పై పొర ఒక్కటీ లేటెక్స్ వేయించగలిగితే హెచ్‌ఆర్ కంటే అదే మేలు.

ఇంకొకరు (తెనాలి)

అమ్మాయీ, బూరుగు దూది పరుపు ఆలోచించావా? వేసవిలో దానంత చల్లగా ఏదీ ఉండదు. మా ఇంట్లో ఇప్పటికీ అవే.

జవాబు (విజయవాడ)

చల్లదనంలో మీరన్నది నిజమే అమ్మా. కానీ దూది బరువున్న చోట అణిగిపోతుంది. ఏడాదికోసారి విప్పి ఏకించి మళ్ళీ కుట్టించాలి, తరచూ ఎండలో వేయాలి. నడుము నొప్పి ఉన్న పెద్దాయనకి ఆ గుంటలే ముప్పు. పైన పలచటి బూరుగు దూది బొంత పరచుకుంటే మాత్రం హాయిగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

మరి ఆర్థోపెడిక్ సంగతి? నడుము నొప్పికి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని నాన్న గట్టి నమ్మకం.

ఇంకొకరు (హైదరాబాద్, ఫిజియోథెరపిస్ట్)

ఆర్థోపెడిక్ అన్నది పరుపు మీద కంపెనీ వేసుకునే పేరు. డాక్టర్లు పరీక్షించి ఇచ్చిన ముద్ర అనుకోకండి. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మంది మీద స్పెయిన్‌లో చేసిన అధ్యయనం 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 90 రోజుల తర్వాత చూస్తే, బాగా గట్టి పరుపు మీద పడుకున్నవాళ్ళ కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువగా తగ్గింది. నాన్నగారికి ఈ మాట చెప్పండి.

షాపులో కూర్చుని చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. చెప్పులు విప్పి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే పది, పదిహేను నిమిషాలు పడుకోమనండి. వెల్లకిలా పడుకున్నప్పుడు మీరు నడుము కింద చెయ్యి దూర్చి చూడండి. చెయ్యి సులువుగా అటూ ఇటూ ఆడితే పరుపు మరీ గట్టిది. అసలు దూరకపోతే నడుము కూరుకుపోతోంది. కాస్త ఒరుసుకుంటూ వెళ్తే సరిపోయింది. పక్కకి తిరిగి పడుకునే అలవాటుంటే భుజం కొంచెం దిగాలి, మెడ నుంచి తోక ఎముక దాకా వెన్ను ఒకే గీతలో ఉండాలి. అమ్మగారిని కూడా పక్కనే పడుకోమనండి. నాన్నగారు పక్కకి తిరిగినప్పుడల్లా ఆవిడ కదిలిపోతుంటే ఆ పరుపు వద్దు. ఇంకొకటి, నొప్పి కాలి కిందికి పాకినా, కాళ్ళు తిమ్మిరెక్కినా పరుపు మార్చి ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. వారంటీ పదేళ్ళు అంటున్నారు. అది నమ్మొచ్చా?

జవాబు (విజయవాడ)

కాగితం వెనక ఉన్నది చదవండి. ఎంత లోతు గుంట పడితే లోపంగా లెక్కేస్తారో అక్కడ ఉంటుంది. అంగుళం అనుంటే ముప్పావు అంగుళం గుంటకి మీకేమీ రాదు. మరక ఉంటే వారంటీ చెల్లదని చాలామంది రాస్తారు, కాబట్టి మొదటి రోజు నుంచే నీళ్ళు దిగని కవరు వేయండి, ప్లాస్టిక్‌ది కాకుండా గుడ్డ పైకి ఉన్నది. కొన్ని ఏళ్ళు దాటాక కొత్త పరుపు ఉచితంగా ఇవ్వరు, వాడిన ఏళ్ళకి కోత పెట్టి మిగతా డబ్బు కట్టమంటారు. ఆ లెక్కా ముందే అడగండి. బిల్లు మీద పొరల మందం, డెన్సిటీ రాయించుకోండి, రాయనంటే ఆ షాపు వదిలేయండి.

వచ్చాక మూడు నెలలకోసారి తల వైపు కాళ్ళ వైపుకి తిప్పండి, బరువు ఒకేచోట పడదు. తిరగేయకండి, పై పొర పైనే ఉండాలి. పాతదాన్ని ఎక్స్చేంజ్ అంటే ఆ తగ్గింపు ముందే ధరలో కలిపారేమో పక్క షాపులో అడిగి చూసుకోండి. ప్లైవుడ్ వేయించాక మంచం ఎత్తు పెరుగుతుంది కదా, నాన్నగారు అంచున కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి, దాన్ని బట్టి మొత్తం మందం 6 దాటనివ్వకండి.