అమ్మాయిల జట్టు కోచ్‌ను ఇప్పుడే మార్చాలా?

రేణిగుంట రోడ్డు:
తిరుపతిలో మా పిల్లలు ఆడే ఫుట్‌బాల్ క్లబ్బు గురించి రాస్తున్నాను. క్లబ్బు పేరు, కోచ్ పేరు ఎవరూ ఇక్కడ రాయవద్దని మనవి. నిరుడు మంచి ఆట ఆడిన జట్టు ఈ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. పడుతున్న గోల్స్ కూడా ఒకే తీరున పడుతున్నాయి. కార్నర్ (మైదానం మూల నుంచి ప్రత్యర్థి కొట్టే కిక్) వస్తే చాలు, గోల్ రెండో పోస్టు దగ్గర ప్రత్యర్థి అమ్మాయి ఒంటరిగా నిలబడి ఉంటుంది. నా కూతురు డిఫెండర్. మ్యాచ్ అయ్యాక ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటోంది. జిల్లాల మధ్య పోటీలకు నెల రోజులుంది, ఆదివారం కమిటీ కూర్చుంటోంది. కోచ్‌ను ఇప్పుడే మార్చాలని నేను గట్టిగా చెప్పబోతున్నాను. మీరేమంటారు?

చిత్తూరు పీఈటీ:
మార్చే ముందు ఆయన చేతిలో ఏముందో చూడండి. మైదానంలో సగం క్రికెట్ వాళ్లది. కార్తీక మాసం వానలకు మిగతా సగంలో నీళ్లు నిలిచాయి. ముగ్గురు మంచి ఆటగాళ్లు ఇంటర్ చదువుకని హాస్టళ్లకు వెళ్లిపోయారు. జీతం అనే మాటే లేదు, పెట్రోలు ఖర్చు ఇస్తే గొప్ప. ఈ పరిస్థితిలో ఎవరు వచ్చినా నెలలో ఏం చేస్తారు?

2022 అక్టోబరులో అండర్-17 మహిళల ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. మన జట్టు కోచ్ స్వీడన్‌కు చెందిన థామస్ డెన్నర్‌బీ. 2011 ప్రపంచ కప్‌లో స్వీడన్ మహిళలను మూడో స్థానంలో నిలిపిన మనిషి. భువనేశ్వర్‌లో మన పిల్లలు అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5 తేడాతో ఓడారు. అంత పేరున్న కోచ్ ఉన్నా ఒక్క గోల్ కూడా రాలేదు. ఏళ్ల తరబడి పిల్లలకు మ్యాచులే లేని చోట కోచ్ ఒక్కడే ఏదో చేస్తాడనుకోవడం అన్యాయం.

కొర్లగుంట అభిమాని:
మాస్టారూ, మారిస్తే ఫలితం ఉండదని ముందే తీర్మానించకండి. 2024 అక్టోబరులో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్ మహిళల జట్టు వరుసగా దెబ్బతింది. కోచ్ యోనాస్ ఐడెవాల్ రాజీనామా చేశారు. సహాయ కోచ్‌గా ఉన్న రెనే స్లెగర్స్‌కు తాత్కాలికంగా పగ్గాలిచ్చారు. 2025 మే 24న లిస్బన్‌లో అదే జట్టు బార్సెలోనాను 1-0తో ఓడించి యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆటగాళ్లు దాదాపు వాళ్లే. సీజన్ మధ్యలోనే మార్చారు.

చిత్తూరు పీఈటీ:
అదే సీజన్, అదే దేశం, ఇంకో క్లబ్బు. మాంచెస్టర్ సిటీ 2025 మార్చిలో, లీగ్ కప్ ఫైనల్ ఐదు రోజుల్లో ఉందనగా గారెత్ టేలర్‌ను తీసేసింది. ఫైనల్‌లో చెల్సీ చేతిలో 1-2తో ఓడింది. లీగ్‌లో నాలుగో స్థానంతో సరిపెట్టుకుని ఛాంపియన్స్ లీగ్ అవకాశాన్ని పోగొట్టుకుంది. పక్కనే ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ 2023-24లో ఐదో స్థానానికి పడిపోయింది. మార్క్ స్కిన్నర్‌ను పంపేయమని అభిమానులు ఎంత అరిచినా క్లబ్బు ఆయనను ఉంచుకుంది. మరుసటి ఏడు మూడో స్థానం. ఎవరికి కావలసిన ఉదాహరణ వాళ్లకు దొరుకుతుంది.

పాత గోల్‌కీపర్:
నేను విశ్వవిద్యాలయం జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడాను. ఈ క్లబ్బు ప్రాక్టీసును కూడా తరచూ చూస్తున్నాను. చూసిందే రాస్తాను.

ముందు ఆ కార్నర్ల సంగతి. గోల్‌పోస్టు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పదహారేళ్ల పిల్ల దాన్ని ఒంటరిగా కాయాలంటే బంతి గాల్లో ఉండగానే తాను ముందుకు వెళ్లాలా, గీత మీదే ఉండాలా అన్నది తేల్చుకోవాలి. తేల్చుకుని గట్టిగా అరవాలి. ఆ కేక వింటేనే డిఫెండర్లు తమ తమ మనిషిని పట్టుకుంటారు. మన కీపర్‌కు ఎవరూ ఇది నేర్పలేదు. ఆమె నిన్నమొన్నటి వరకు డిఫెండర్. పాత కీపర్ చదువుకు వెళ్లిపోతే పొడవుగా ఉందని ఈమెకు గ్లవ్స్ తొడిగారు. ప్రాక్టీసు మొత్తంలో ఆమెకు దొరికేది చివర్లో అందరూ వరుసగా కొట్టే షాట్లు. కార్నర్ల సాధన నేను చూసిన రోజుల్లో ఒక్కసారి కూడా జరగలేదు. రేణిగుంట రోడ్డు గారూ, మీ అమ్మాయి తప్పు ఇందులో లేదని ఇంట్లో చెప్పండి. వెనక నుంచి మాట వినపడని డిఫెండర్ బంతినీ, మనిషినీ ఒకేసారి చూడలేదు.

ఇది కోచ్ లోపమే. కానీ దిద్దుకోగల లోపం. వారానికి రెండు రోజులు నేను వచ్చి కీపర్‌కు నేర్పుతాను, డబ్బు అక్కరలేదు. దీని కోసమైతే కోచ్‌ను తీసేయమని నేను అనను. ఓటముల కోసం అసలే అనను.

నాకు మంట పుట్టించిన విషయం వేరే ఉంది. ఒక అమ్మాయి మోకాలు పట్టేసిందని చెబితే, అందరికీ నొప్పులుంటాయని ఆయన ఇంకో రౌండు పరుగెత్తించారు. తర్వాతి మ్యాచ్‌లో ఎవరూ తగలకుండానే ఆమె కూలబడింది. మోకాలి ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ మైదానంలోకి రావడానికి సాధారణంగా తొమ్మిది నెలలైనా పడుతుంది. చాలామంది ఆడపిల్లలకు ఆ తొమ్మిది నెలలతో ఆటే ముగుస్తుంది, ఇంట్లో మళ్లీ పంపరు. ఈ గాయం ముప్పు అమ్మాయిల్లో అబ్బాయిల కంటే కనీసం రెండు రెట్లు ఎక్కువని క్రీడా వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. నివారణ కూడా తెలుసు. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ పద్ధతి ఉంది. నెమ్మది పరుగు, ఒంటికాలి మీద నిలకడ, గెంతి మోకాలు లోపలికి వాలకుండా దిగడం, తొడ కండరాల బలం, అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. నార్వేలో 125 బాలికల క్లబ్బుల్లో దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. పద్ధతి పాటించిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. బంతి కూడా అక్కరలేని వ్యాయామాలివి. క్రికెట్ వాళ్లు వదిలిన మూలలో చేసుకోవచ్చు. ఈ కాగితం ప్రింటు తీయించి నేనే ఆయన చేతికిచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇప్పటికీ మన పిల్లల వార్మప్ మైదానం చుట్టూ పరుగే.

నెలసరి రోజుల్లో విశ్రాంతి అడిగే ధైర్యం ఒక్క పిల్లకూ లేదు. జట్టు వెంట ఆడమనిషి ఎవరూ లేరు. ఇంత వాదనలో గెలుపోటములు లెక్కపెట్టాం, యూరప్ క్లబ్బులన్నీ చుట్టి వచ్చాం. ఆడే పిల్లలు ఏమంటున్నారని ఒక్కరూ రాయలేదు.

స్పెయిన్‌లో ఏం జరిగిందో చూడండి. 2022 సెప్టెంబరులో మహిళల జాతీయ జట్టులోని 15 మంది ఆటగాళ్లు కోచ్ హోర్హె విల్దా పద్ధతుల వల్ల ఇబ్బంది పడుతున్నామని తమ సమాఖ్యకు లేఖలు రాశారు. సమాఖ్య కోచ్ పక్షాన నిలబడింది. ఆ 15 మందిలో ముగ్గురే 2023 ప్రపంచ కప్ జట్టులో ఉన్నారు. ఆ కప్ స్పెయినే గెలిచింది. గెలిచారు కాబట్టి పిల్లల మాట అబద్ధమైపోతుందా? కప్ చేతికొచ్చిన రెండు వారాలకే విల్దాను తొలగించారు. స్కోరు చూసి కోచ్ మంచి చెడ్డలు తేల్చేవాళ్లు ఈ రెంటికీ కలిపి ఒక సమాధానం చెప్పాలి.

నా మాట ఇది: ఓడినందుకు మార్చకండి. పిల్లల మాట వినకపోవడం ఇలాగే కొనసాగితే మాత్రం, రేపటి నుంచి గెలిచినా సరే, మార్చండి.

పీలేరు తల్లి:
మా అమ్మాయి మానేసి రెండు నెలలైంది. ఓడుతున్నారని కాదు. ప్రాక్టీసు చీకటి పడేదాకా నడుస్తుంది, ఆ తర్వాత బస్సు కోసం పిల్ల బస్టాండులో ఒక్కతే నిలబడాలి. అరగంట ముందు వదలమని అడిగితే, ఒకరిని వదిలితే అందరూ అడుగుతారన్నారు. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

రేణిగుంట రోడ్డు:
మోకాలి విషయం నాకు ఇంత వివరంగా తెలియదు. తెలిశాక ఆయనను ఇంకా ఎందుకు ఉంచాలో అర్థం కావడం లేదు. మీరు చెప్పినదంతా మార్పుకే బలమిస్తోంది కదా! మరి ఆదివారం దాకా ఆగడం ఎందుకు?

చిత్తూరు పీఈటీ:
పీలేరు అమ్మా, మీరు రాసింది చదివి బాధపడ్డాను. ఆ వార్మప్ చేయించకపోవడాన్ని నేను సమర్థించను. కానీ పిల్లలను అడిగి తేల్చడంలోనూ ప్రమాదముంది. 2019 జనవరిలో ఆస్ట్రేలియా తన మహిళల జట్టు కోచ్ అలెన్ స్టాయ్‌చిచ్‌ను, ప్రపంచ కప్ ఐదు నెలల్లో ఉందనగా తొలగించింది. ఆటగాళ్లు, సిబ్బంది పేర్లు రాయకుండా ఇచ్చిన సర్వే జవాబులు అందుకు ఒక ఆధారం. అసలు కారణమేమిటో బయటికి సరిగా చెప్పలేదు. కొందరు ఆటగాళ్లే ఆశ్చర్యపోయారు. ఆ కప్‌లో ఆస్ట్రేలియా రెండో దశ దాటలేదు. ఆ కోచ్ తర్వాత ఫిలిప్పీన్స్‌ను మొట్టమొదటిసారి ప్రపంచ కప్‌కు తీసుకువెళ్లి, 2023లో ఆతిథ్య జట్టు న్యూజిలాండ్‌పై 1-0తో గెలిపించారు. చాటున అడిగి, చాటున తేల్చి మనిషిని పంపిస్తే ఇలాగే అవుతుంది. జట్టులో చోటు దొరకని పిల్లల కోపం కూడా ఆ కాగితాల్లోనే ఉంటుంది. మన ఊరు చిన్నది. ఆడపిల్లల కోచ్‌ను తీసేశారంటే జనం ఏమేమి ఊహిస్తారో మీకు తెలుసు. ఆయనకూ ఇద్దరు కూతుళ్లున్నారు.

పాత గోల్‌కీపర్:
మాస్టారూ, ఇది న్యాయమైన మాట. అందుకే చాటుగా వద్దంటున్నాను. అడగబోయే ప్రశ్నలు ఆయనకు ముందే ఇద్దాం. గాయం చెబితే వింటున్నారా, వార్మప్ ఎలా ఉంటోంది, ప్రాక్టీసు ఎన్నింటికి ముగియాలి, కార్నర్లలో ఎవరి పని ఏమిటో తెలుసా. మనిషి మంచివాడా చెడ్డవాడా అని అడగవద్దు. పిల్లలు చెప్పింది రాసి ఆయనకు చూపించి, జవాబు కూడా రాయించుకుందాం. కారణమేమిటో కాగితం మీద ఉంటే ఊహలకు చోటుండదు.

రేణిగుంట రోడ్డు గారూ, ఆదివారానికి ముందే తీసేయాలంటున్నారు. పోటీలకు జట్టును ఎవరు తీసుకువెళతారో పేరు చెప్పండి. ఆర్సెనల్‌కు స్లెగర్స్ అప్పటికే జట్టులో ఉన్నారు, ప్రతి పిల్ల ఆట ఆమెకు తెలుసు. మనకు సహాయ కోచ్ అనేవారే లేరు. ఆ ఏర్పాటు చేయనిది కమిటీ. మైదానం సగం వదులుకున్నదీ కమిటీయే. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఉంది మన పరిస్థితి, శిక్ష మాత్రం ఒక్కరికే అనుకుంటున్నాం. నెలలో దిద్దవలసినవి మూడు: వార్మప్, బస్సు వేళ, జట్టు వెంట ఒక మహిళ. ఇవి రేపే మొదలు కావాలి. వీటికి ఆయన ఒప్పుకోకపోతే ఆదివారం నేనే లేచి మార్చమంటాను. అప్పుడు నన్ను ఆపవద్దు.

కొర్లగుంట అభిమాని:
సహాయ కోచ్‌గా మన పాత ఆటగాళ్లలో ఒకరిని పెట్టి, ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డి లైసెన్సు కోర్సుకు పంపితే? కోచింగ్ నేర్పే తొలి స్థాయి కోర్సుల్లో అదొకటి. ఫీజుకు నేను చందా పోగుచేస్తాను.

రేణిగుంట రోడ్డు:
పాత గోల్‌కీపర్ గారూ, నా మనసు ఇప్పటికీ మార్పు వైపే ఉంది. అయినా మీరు చెప్పిన మూడింటికి ఆయన ఏమంటారో విన్నాకే ఓటు వేస్తాను. శనివారం సాయంత్రం పిల్లలను మా ఇంట్లో కూర్చోబెడదాం, తల్లులు మాత్రమే ఉంటారు.

పీలేరు తల్లి:
శనివారమైతే మా అమ్మాయిని నేనే తీసుకొస్తాను. ఆరున్నర బస్సుకు మమ్మల్ని వదిలేయాలి.

చిత్తూరు పీఈటీ:
ప్రశ్నల కాగితం రేపు ఉదయం నేను ఆయనకు ఇస్తాను. నా చేతి నుంచి అయితే తీసుకుంటారు, జేబులో పెట్టుకోకుండా చదివేదాకా పక్కనే కూర్చుంటాను.

పాత గోల్‌కీపర్:
వార్మప్ కాగితం కూడా దానితోపాటు ఇవ్వండి మాస్టారూ. శనివారం సమావేశానికి మోకాలి గాయమైన అమ్మాయి కూడా రావాలి. ఊతకర్రలతో బస్సెక్కలేదు, ఆటో ఖర్చు క్లబ్బు పెట్టుకోవాలి. కోశాధికారి ఇది చదువుతుంటే దయచేసి ఇక్కడే జవాబివ్వండి.