ఆవర్జా కాగితాల మీద లకోటా తెగవారి బొమ్మలు: వీటిని చరిత్రగా చదవవచ్చునా?

ప్రశ్న (కొత్తపట్నం నుండి)

మా తాతగారు ఇక్కడ చిల్లర అంగడి నడిపేవారు. ఆయన ఆవర్జాను (లెక్కల పుస్తకాన్ని) ఈమధ్య దులిపి చూస్తే, 1977 నవంబరు బాకీల పక్కన ఖాళీలో "గాలివాన. పైకప్పు పోయినది" అని రాసి ఉన్నది. అమెరికా మైదానాలలోని లకోటా అనే ఆదివాసీ తెగవారు పాత లెక్కల పుస్తకాలలో గీసిన బొమ్మలను చూసినది కూడా ఆ వారంలోనే. వరుసగా రాసిన పద్దుల మీదుగా గుర్రాలు పరుగెత్తుతుంటాయి. అయితే ఒక వీరుడు తన పోరాటాన్ని తానే గీసుకుంటే అది సొంత డప్పు అవుతుంది గాని తెగ చరిత్ర ఎట్లా అవుతుందో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1 (ఒంగోలు)

లకోటాల చరిత్ర లేఖనం కాగితంతో మొదలు కాలేదండీ. వారు ఏళ్లను శీతకాలాలతో లెక్కించేవారు. గడిచిన ఏటికి గుర్తుగా పెద్దలు ఒక్క సంఘటనను ఎంచితే, దాని బొమ్మను అడవిదున్న తోలు మీద గీసి, కథను నోట నిలుపుకొనే బాధ్యత ఒకరు వహించేవారు. 1833 నవంబరులో ఉల్కలు కురిసిన రాత్రి కారణంగా ఆ శీతకాలం "చుక్కలు రాలిన ఏడు" అయింది. మన పెద్దలు ధాత కరువు అన్నంత మాత్రాన ఏ కాలమో తెలిసిపోయేది కదా, ఇదీ అటువంటిదే.

వీరుల బొమ్మలది వేరే పాయ. తాను చేసిన సాహసాన్ని వీరుడు పదిమందిలో చెప్పేటప్పుడు ఆ పోరులో పాల్గొన్నవారు కూడా వింటూ ఉండేవారు కనుక, లేనిపోనిది కలిపితే అక్కడికక్కడే పరువు పోయేది. డప్పే కావచ్చు, కాని సాక్షుల ఎదుట కొట్టిన డప్పు. 1860ల తరువాత దున్నల మందలను వేటగాళ్లు తుడిచిపెట్టడంతో తోలు దొరకడం కష్టమై, సైనికుల నుండీ వర్తకుల నుండీ చేతికి వచ్చిన లెక్కల పుస్తకాలే ఆధారమయ్యాయి.

జవాబు 2 (నెల్లూరు)

మా వైపు తోలుబొమ్మలు చూసి పెరిగినదాన్ని కనుక నా కన్ను ముందు గీత మీదికే పోతుంది. ఈ బొమ్మలలో కదలిక ఎక్కువగా కుడి నుండి ఎడమకు సాగుతుంది. తల పైన చిన్న జంతువో పక్షియో ఉండి, అక్కడి నుండి సన్నని గీత తలను తాకితే అది ఆ మనిషి పేరు. గిట్టల గుర్తుల వరుస అతడు వచ్చిన దారిని చెబుతుంది. పుట అంచున మనుషులు లేకుండా తుపాకుల నిప్పులు మాత్రమే కనబడితే అవతల శత్రువులు గుంపుగా ఉన్నారని అర్థం. గుర్రం తోక ముడివేసి ఉంటే యుద్ధానికి బయలుదేరినట్టు. ముఖంలో పోలిక ఉండదు గాని డాలు మీది చిత్రంలో, జుట్టు కట్టులో, గుర్రం రంగులో పొరపాటు రానీయరు. మనిషిని గుర్తుపట్టేది వాటితోనే.

జవాబు 3 (దర్శి)

ఒంగోలు వారి మాటకు ఒక సవరణ. పాత సాహసాలు గీసిన పుటలకు ఆ సాక్షుల న్యాయం సరిపోతుంది, కాని తరువాతి కాలంలో బొమ్మలు కొన్నవారు, గీయమని అడిగినవారు వేరు. రెడ్ హార్స్ అనే మినికొంజు శాఖ లకోటా, అమెరికా సైన్యంతో తనవారు చేసిన 1876 జూన్ నాటి లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధాన్ని (మనకు ధాత ఏడు కూడా అదే) 1881లో ఒక సైనిక వైద్యుని కోరిక మీద 42 బొమ్మలుగా గీశాడు. అవి ఆవర్జాలో కాక పెద్ద కాగితాల మీద ఉన్నాయి. అయినా వాటిలో గొప్పలు లేవు. చచ్చిన సైనికులను గీసిన చేతితోనే పడిపోయిన తనవారిని కూడా గీశాడు.

నిజానికి మీ ప్రశ్నకు సూటి జవాబు ఏమస్ బ్యాడ్ హార్ట్ బుల్. ఆ యుద్ధం నాటికి ఈ ఒగ్లాలా శాఖ లకోటాకు ఏడేళ్లు. పెద్దయ్యాక నెబ్రాస్కాలోని క్రాఫర్డ్ పట్టణంలో పాత లెక్కల పుస్తకం ఒకటి కొని, యుద్ధంలో ఉన్న బంధువులను అడిగి తెలుసుకుంటూ 400కు పైగా బొమ్మలు గీశాడు. తాను చేసినవి కావు, తన జనానికి జరిగినవి. 1913లో అతడు పోయాక పుస్తకం చెల్లెలి దగ్గర ఉండి, 1947లో ఆమెతోపాటు సమాధిలోకి వెళ్లింది. అంతకు ముందే హెలెన్ బ్లిష్ అనే పరిశోధకురాలు తీయించిన ఛాయాచిత్రాలే నేడు మనకు మిగిలినవి. దానిని భూమిలో పెట్టడం నష్టమని నేను అనలేను. అది వారి ఇంటి వస్తువు. అసలు నష్టం మరొకటి. వర్తకులు చాలా పుస్తకాలను కుట్టు విప్పి విడికాగితాలుగా అమ్మడంతో, ఏ బొమ్మ తరువాత ఏది వచ్చేదో తెలియకుండా పోయింది.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలండీ. మా ఆవర్జాకు కూడా కుట్టు వదులైంది. అట్ట మార్పిద్దామని పుటలు విడదీయబోయి ఆగాను. గాలివాన మాట రాసిన పుట తరువాత రెండు పుటలు ఖాళీగా ఉన్నాయి. ఆ పై పద్దులలో వరుసగా తాటాకు, కొబ్బరి తాడు, మేకులు, అన్నీ అరువు మీదే.