కుందేలు కూరకు స్లో కుక్కర్ పనికొస్తుందా?

ఒహాయో వంటగది: ఇక్కడి రైతుల సంతలో ఫారం కుందేలు దొరికింది, రెండున్నర పౌండ్లు. మటన్‌కి పెట్టినట్టే స్లో కుక్కర్‌లో (సన్న వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ) అన్నీ కలిపేసి, లో (తక్కువ వేడి) మీద 8 గంటలు పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం మూత తీస్తే కాళ్ళు మెత్తగానే ఉన్నాయి. వెన్ను ముక్కలు మాత్రం పీచు పీచుగా, ఎండుకొబ్బరి నమిలినట్టున్నాయి. పులుసు నీళ్ళలా తేలిపోయింది, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోనే లేదు. కుందేలుకి ఆ కుక్కరే తప్పని మా ఆవిడ అంటోంది. మీరేమంటారు?

నల్గొండ బిడ్డ, డాలస్: అన్నా, వదిన చెప్పిందే కరెక్టు. కూరంటే మసాలా నూనెల ఏగాలె, నూనె పైకి తేలాలె. మూత బిగించిన కుండల నీళ్ళు ఎటు పోతయి? ఆవిరి మూతకు తగిలి మళ్ళ కూరలనే పడ్తది. అది ఉడకబెట్టుడు, కూర వండుడు కాదు.

గుంటూరు అమ్మమ్మ: నాయనా, నేను ఒప్పుకోను. మా అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో ఉన్నన్నాళ్ళూ నెలకోసారైనా అందులోనే వండాను. తప్పు కుక్కర్‌ది కాదు, మటన్ లెక్క కుందేలుకి వేయడంలో ఉంది. మీరు చెప్పిన బరువుని బట్టి అది లేతది. అక్కడ ఫ్రయర్ అని అమ్మేవి 12 వారాల లోపువే. ఒంట్లో కొవ్వు ఉండదు. కాళ్ళలో నరాలూ జిగురూ ఉంటాయి కనుక నిదానపు వేడికి మెత్తబడతాయి. వెన్ను కండకి అవి లేవు, ఉడికేకొద్దీ ఎండిపోతుంది. రెండిటినీ ఒకేసారి వేస్తే ఏదో ఒకటి చెడక తప్పదు.

ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి బాణలిలో ఎర్రగా వేయించండి. కాళ్ళు అందులోనే రంగు మారేదాకా తిప్పి కుక్కర్‌లోకి దించండి. నీళ్ళు చుక్క కూడా వద్దు, టమాటాలో ఉన్నదే చాలు. లో మీద నాలుగు గంటలు. వెన్ను ముక్కలు ఆఖరి గంటన్నరలో వేయాలి. లోపల 160 ఫారెన్‌హీట్ వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూసుకోండి. చివర మూత తీసి హై మీద ఉంచండి. గసగసాలు కొబ్బరి ముద్ద అప్పుడే.

నల్గొండ బిడ్డ, డాలస్: అమ్మా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్న. పొయ్యి మీద అంతసేపు ఏంచినంక, ఇంకో గంట అదే గిన్నెల పెడితే అయిపోతది గద! నడుమ వెన్ను ముక్కలెయ్యడానికి మనిషి ఇంట్లనే ఉండాలె. ఆఫీసుకు పోయేటోళ్ళకు ఏం లాభం?

గుంటూరు అమ్మమ్మ: ఆ మాట నిజం. ఆఫీసు రోజుకి ఇది పనికిరాదు. టైమర్ పెట్టి ఆలస్యంగా మొదలయ్యేట్టు చేద్దామన్నా, పచ్చి మాంసం రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. రాత్రే ముక్కలు సగం వేయించి ఫ్రిజ్‌లో పెట్టడం కూడా వద్దు. మసాలా ఒక్కటే ముందు రోజు వేయించుకోవచ్చు. నాకు లాభమల్లా పొయ్యి దగ్గర నిలబడక్కర్లేకపోవడం. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి అది చిన్న సంగతి కాదు.

ఇద్దరు పిల్లల తల్లి: ఎముకల మాట ఎవరూ ఎత్తలేదు. కుందేలు ఎముకలు సూదుల్లా సన్నగా ఉంటాయి. ఎక్కువసేపు ఉడికితే కండ నుంచి ఊడి గ్రేవీలో కలిసిపోతాయి. మా చిన్నదాని గొంతులో ఒకటి గుచ్చుకుంది. అప్పటినుంచి పిల్లలకి కాలి ముక్క నేనే విడదీసి, వేళ్ళతో తడిమి పెడుతున్నాను. ఇంకో మాట, ఊరెళ్ళినప్పుడు చెవులపిల్లి తెప్పించుకుందామని ఆశపడకండి. అడవి కుందేలుని వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఒహాయో వంటగది: ఈ ఆదివారం మళ్ళీ తెచ్చాను. అమ్మమ్మగారు చెప్పినట్టు కాళ్ళు కుక్కర్‌లో నాలుగు గంటలు పెడితే పచ్చివాసన లేదు, గ్రేవీ ముక్కకి పట్టింది. వెన్ను ముక్కలు అందులో వేయనే లేదు. మా ఆవిడ పెనం మీద మిరియాలు, కరివేపాకు వేసి వేపింది. అన్నంలోకి కాలి కూర కలుపుకునేలోపే వేపుడు గిన్నె ఖాళీ.