మాజీ సైనికుల సంఘాల పాత దస్త్రాలను కాపాడే బాధ్యత ఎవరిది?

ప్రశ్న:
మా జిల్లా మాజీ సైనికుల సంఘం దగ్గర 1971 యుద్ధకాలం నాటి మినిట్స్ పుస్తకాలు, సభ్యత్వ రిజిస్టర్లు, పింఛను అర్జీల నకళ్లు ఒక ఇనప బీరువాలో ఉన్నాయి. చదువు రాని ఒక సిపాయి భార్య తరఫున సైనికుల సర్వీసు వివరాలు ఉంచే రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు రాసే బాధ్యతను ఒక విశ్రాంత సుబేదారుకు అప్పగిస్తూ చేసిన తీర్మానం, ఆయన రాసిన ప్రతి ఉత్తరం తేదీ అందులో కనిపిస్తాయి. కొన్ని పుస్తకాలకు చెదలు పట్టాయి. వీటిని కాపాడడానికి ప్రభుత్వ సహాయం దొరుకుతుందా?

మొదటి సమాధానం:
నేరుగా దొరకడం కష్టమండి. రాష్ట్ర, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ఖర్చును ప్రత్యేక తరగతికి చెందని సాధారణ రాష్ట్రాల విషయంలో కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవ విరాళాలు కూడా వస్తాయి. అయితే ఇవన్నీ మనుషుల సంక్షేమానికి ఉద్దేశించినవి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టమేమో కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల దస్త్రాలకు సంబంధించినది. సొసైటీగా రిజిస్టరైన సంఘం కాగితాలు దాని పరిధిలోకి రావు.

రెండవ సమాధానం:
సంక్షేమం వేరు, కాగితం వేరు అనే ఈ విభజననే నేను ఒప్పుకోలేను. ఆ సిపాయి భార్యకు పింఛను వచ్చి ఉంటే, ఆ ఉత్తరాల వరుసే అందుకు కారణమై ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సుమారు 3,20,000 మంది పంజాబు సైనికుల వివరాలున్న రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దాదాపు శతాబ్దం పాటు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. 2021లో వాటిలో కొన్ని జిల్లాల వివరాలు ఆన్‌లైన్‌లోకి వచ్చాకే ఎన్నో కుటుంబాలు తమ తాతముత్తాతల పేర్లు వెతుక్కోగలిగాయి. తరతరాలుగా ఎందరో సైన్యంలో చేరిన, తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం వంటి ఊరికి అలాంటి జాబితా ఎంత అవసరమో వేరే చెప్పాలా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు స్కానింగు కోసం విడిగా పద్దు కేటాయించాలని సంఘాలన్నీ కలిసి రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాలి.

మూడవ సమాధానం:
ఆ పద్దు వచ్చేదాకా చెదలు ఆగవు కదా. చెద పట్టిన పుస్తకాలను ముందు వేరుచేసి, తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి. లామినేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించవద్దు. పాత దస్త్రాలను భద్రపరిచే కేంద్ర సంస్థ అయిన జాతీయ ఆర్కైవ్స్ ప్రైవేటు పత్రాలను కూడా స్వీకరిస్తుంది కనుక వారికి ఉత్తరం రాయండి. హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ వారినీ సంప్రదించండి. అప్పగించే ముందు సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, వైద్య వివరాలు, కుటుంబ తగాదాలు ఉన్న అర్జీలను కొన్నేళ్ల వరకు ఇతరులకు చూపరాదనే షరతును ఒప్పందంలో రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. తీర్మానం వచ్చే సమావేశంలోనే పెడతాము. ఆ గడువును అర్జీదారు జీవితకాలం వరకు ఉంచితే చాలునా, వారి పిల్లల సమ్మతి కూడా తీసుకోవాలా అన్నది అనుభవమున్నవారు చెప్పగలరు.