1984లో ఆ నెల రోజుల మంత్రివర్గం ఇచ్చిన జీవోలు ఎక్కడ దొరుకుతాయి?

1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. సెప్టెంబరు 16న కొత్త గవర్నర్ శంకర్ దయాళ్ శర్మ మళ్లీ ఎన్టీఆర్‌తో ప్రమాణం చేయించారు. ఇది తెలిసిన కథే. నాకు కావలసింది మధ్యలో కదిలిన ఫైళ్ల సంగతి.

ముఖ్యమంత్రి పోతే మంత్రివర్గం మొత్తం పోతుంది. ఆయనే తిరిగి వచ్చినా పాత మంత్రి పదవులు వాటంతట అవి బతకవు: రాజ్యాంగం 164వ అధికరణ కింద మళ్లీ నియామకం, మళ్లీ ప్రమాణం, మళ్లీ శాఖల కేటాయింపు. జీవోల తీరు వేరు. 166వ అధికరణ ప్రకారం అవి గవర్నర్ పేరిట వెలువడతాయి కాబట్టి, మంత్రివర్గం కూలినా ఎవరో ఒకరు రద్దు చేసేదాకా నిలుస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే.

భాస్కరరావు హయాం జీవోల్లో తర్వాత ఏవి రద్దయ్యాయి, ఏవి కొనసాగాయి? సచివాలయంలో పనిచేసినవారు, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ పత్రాల భాండాగారంలో) వెతికినవారు దయచేసి చెప్పండి. సాధారణ పరిపాలన శాఖ సంపుటాలు విభజన తర్వాత హైదరాబాద్‌లోనే ఉన్నాయా, అమరావతికి వెళ్లాయా? జీవో నంబరు, తేదీ, శాఖ తెలిసినా చాలు, మిగతాది వెతుక్కుంటాను.