చిన్న ర్యాలీ కారు: టైర్లు, డిఫరెన్షియల్, గేర్‌బాక్స్‌లలో ముందు ఏది మార్చాలి?

ప్రశ్న:
నా 1.6 లీటర్ల ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారును మట్టి రోడ్ల ర్యాలీలకు సిద్ధం చేస్తున్నాను. మలుపులో యాక్సిలరేటర్ తొక్కగానే లోపలి చక్రం వృథాగా తిరుగుతోంది; రెండో గేరు నుంచి మూడో గేరుకు మారితే ఇంజిన్ వేగం బాగా పడిపోతోంది. అన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేదు కనుక వరుస చెప్పగలరా?

జవాబు 1:
టైర్లతో మొదలుపెట్టండి. వదులు కంకర మీద సన్నని టైరు పైపొరను చీల్చుకుని కింది గట్టి నేలను పట్టుకుంటుంది కాబట్టి, వెడల్పు టైర్ల ఆకర్షణకు లోను కావద్దు. పక్కగోడలు దృఢంగా ఉండాలి.

జవాబు 2:
వారి మాటతో ఏకీభవిస్తాను. అయితే మీ అసలు జబ్బు ఓపెన్ డిఫరెన్షియల్‌దే: మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఈ గేర్ల అమరిక, ఓపెన్ రకమైతే, రెండు చక్రాలకూ సమానమైన టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది గనుక, పట్టు తక్కువున్న చక్రం ఎంత మోయగలదో రెండోదానికీ అంతే అందుతుంది. చక్రం వృథాగా తిరగడాన్ని అదుపు చేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లలో, గేర్లతో పనిచేసే రకం సున్నితంగా ఉన్నా, చక్రం గాలిలోకి లేస్తే దాదాపు చేతులెత్తేస్తుంది. మట్టికి రాపిడి ప్లేట్లతో పనిచేసే రకమే మేలని నా అభిప్రాయం. దానికి తగిన నూనె వాడాలి, ప్లేట్ల అరుగుదలను గమనిస్తూ ఉండాలి, స్టీరింగ్ పక్కకు లాగుతుంటే పట్టుకోవడానికి చేతులు అలవాటు పడాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు వెళ్లే చివరి గేర్ల జత) నిష్పత్తిని 3.9 నుంచి 4.5కు మార్చితే గేర్ల సమస్య తీరుతుందా?

జవాబు 3:
తీరదండీ. ప్రతి గేరులోనూ లాగుడు సుమారు 15 శాతం పెరుగుతుంది, అదే ఇంజిన్ వేగం వద్ద గరిష్ఠ వేగం సుమారు 13 శాతం తగ్గుతుంది, కానీ గేర్ల మధ్య ఎడం అలాగే ఉంటుంది. దానికి క్లోజ్ రేషియో గేర్లే (నిష్పత్తులు దగ్గరదగ్గరగా ఉండేవి) కావాలి. ఇలాంటి కార్లలో డిఫరెన్షియల్ సాధారణంగా గేర్‌బాక్స్ గుల్లలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని విప్పినప్పుడే ఫైనల్ డ్రైవ్ కూడా మార్చేస్తే ఒకే శ్రమతో పోతుంది. కొనేముందు మీ విభాగం నిబంధనలు తప్పక చదవండి.