గిటార్ యాంప్ ముందు మైక్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: 15 వాట్ల ట్యూబ్ యాంప్, ఒక ఎస్ఎం57 మైక్. గదిలో గిటార్ బ్రహ్మాండంగా ఉంది, రికార్డింగ్‌లో మాత్రం కందిరీగల గోల! మైక్ స్పీకర్ నడిమధ్యన, గ్రిల్ గుడ్డకి ఆనించి పెట్టాను. ట్రెబుల్ తగ్గిస్తే మొద్దుబారిపోతోంది. రాత్రి ఎనిమిది దాటితే కింది పోర్షన్ వాళ్ళు ఊరుకోరు, అదో టెన్షన్.

జవాబు 1: నడిమధ్యే మీ సమస్య. టార్చి వేసి గ్రిల్ వెనక చూడండి, కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) మధ్యలో గుండ్రటి డస్ట్ క్యాప్ కనిపిస్తుంది. కీచుదనమంతా అక్కడే. మైక్‌ని క్యాప్ అంచుకి జరపండి. నేనైతే గ్రిల్ మీద టేపు ముక్క అంటించి పెన్నుతో గుర్తు పెట్టుకుంటా. అంగుళం జరిగితే వేరే యాంప్ అనిపిస్తుంది.

జవాబు 2: ఆనించి పెడితే బేస్ కూడా ఉబ్బుతుంది, రెండంగుళాలు వెనక్కి లాగి వినండి. రెండో మైక్ జోలికి ఇప్పుడే పోకండి. అడుగు వెనక ఉన్న మైక్‌కి శబ్దం దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపితే ఫేజ్ తేడాతో, అంటే రెండు మైకుల తరంగాలు కలవక ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుని, గిటార్ డొల్లగా వినిపించొచ్చు.

ప్రశ్న అడిగినవారు: అంగుళంన్నర పక్కకి జరిపా, కందిరీగలు పోయాయండీ! యాంప్ నేల మీద, నేను నిలబడి వాయించేది. ఇవాళ వాల్యూమ్ తగ్గించి, వంగి స్పీకర్‌కి ఎదురుగా విన్నా. అదే గోల. అంటే అది ముందునుంచీ స్పీకర్‌లోనే ఉంది, నిలబడితే నా చెవికి చేరలేదంతే.